చివరి తూము చీటీలు

"గా పీరు మామ నా చీటీ లేదంటాండు. జర సూసి చెప్పమ్మా."

సైదమ్మ గడప బయటే చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. బల్ల మీద చెయ్యి పెట్టబోయి, వేళ్లకు మట్టి ఉన్నదని గుర్తొచ్చి కొంగుకు తుడుచుకుంది. పొద్దున్నే పొలం కాడి నుంచి మూడు కిలోమీటర్లు నడిచి, సడక్ మీద బస్సు పట్టుకుని వచ్చిన మనిషి. కాలువ సెక్షను ఆఫీసులో టైపు కొట్టే తాహేరా అప్పుడే వచ్చి కంప్యూటర్ మీది గుడ్డ మడత పెడుతున్నది. నిన్నటి మెడనొప్పి ఇంకా వదల్లేదు. మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసింది.

"కూసో. ఏ తూము?"

"పదిహేనుది. ఆఖరిది. రాళ్లకుంట. గుండెబోయిన సైదమ్మను, కృష్ణయ్య పెండ్లాన్ని."

"చీటీ రానే లేదా, వస్తే పోగొట్టుకున్నవా?"

"వస్తే, పని ఇడిసిపెట్టి నీ మొకం సూడనీకి వస్తనా గింత దూరం?"

తాహేరాకు నవ్వొచ్చింది గాని నవ్వే ఓపిక లేదు.

ఆ ఏడు, తొంబై ఎనిమిది యాసంగిలో, డ్యాములో నీళ్లు అడుగంటినయి. కాలువకు వంతులు పెట్టారు. కాలువ పొడుగునా పదిహేను తూములు, వాటి కింది రైతులకు తలా ఒక చీటీ. చీటీ మీద పేరు, తూము నంబరు, ఎన్ని ఎకరాలు, ఎన్ని గంటలు, కింద ఇంజనీరు సంతకం. అది చూపిస్తేనే కాలువ కావలి కాసే లష్కరు పీర్ మహమ్మద్ తూము షట్టరు ఎత్తుతాడు. చీటీ లేకపోతే సొంత బామ్మర్ది వచ్చినా ఎత్తడు. ఎప్పుడూ మొదటి తూములోళ్లే తాగుతున్నారు, చివరోళ్లు ఎండుతున్నారని, ఈసారి వంతు చివరి నుంచి మొదలుపెట్టమని పై నుంచి ఉత్తరువు వచ్చింది. చివరి తూముల వంతు మంగళవారం సాయంత్రం ఆరింటికి అయిపోతుంది. ఆ రోజు మంగళవారమే. మళ్లీ వంతు పద్దెనిమిది రోజులకు.

"వరి పొట్ట మీదున్నదమ్మా," అన్నది సైదమ్మ. "కాలు పెడితే నెర్రెలల్ల మడిమె పోతాంది. గియ్యాల తడిస్తె ఈనుతది. తడవకపోతె ఈనదు, ఈనినా తాలే. ఎకరంన్నర. మూడు మళ్లు. నాకు ఇంకోటి లేదు."

ఆ ఆఖరి మాట ఏడుపుగా అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

తాహేరా సంతకాలైన లిస్టు తీసింది. అరవై పేర్లు. వేలు పెట్టి ఒక్కొక్కటే దిగింది. సైదమ్మలు నలుగురున్నారు. నలుగురూ మొదటి తూములోళ్లు.

"నువ్వు దరఖాస్తు ఇచ్చినవా అసలు?"

"ఇచ్చిన. నీ చేతికే ఇచ్చిన. ఇంకో సైదమ్మనా అని నవ్వినవు గూడ."

ఆ మాట నిజమే. ఆ పక్క ఊళ్లలో రాయి విసిరితే సైదులుకో సైదమ్మకో తగులుతుంది. జానపహాడ్ దర్గా దగ్గరే. కడుపు నిలవనోళ్లు, పుట్టిన పిల్లలు దక్కనోళ్లు పోయి ఆ దర్గాలోని సైదులుకు మొక్కుతారు. బిడ్డ దక్కితే ఆ పేరే పెడతారు. హిందువులని లేదు, ముస్లిములని లేదు. కొన్ని ఇళ్లలో అన్నదమ్ములిద్దరూ సైదులే, ఒకడు పెద్ద సైదులు, ఒకడు చిన్న సైదులు. ఊళ్లో దీంతో ఎవరికీ తిప్పలు లేవు. గుట్టకింది సైదులు, గొర్ల సైదులు, నత్తి సైదులు అని ఎవరి గుర్తు వాళ్లకుంటుంది. "మా పీర్ల పేర్లన్నీ మీరే పెట్టుకుంటిరి, మాకు పేర్లు కరువైనయి," అని తాహేరా కూడా దరఖాస్తులు తీసుకునేటప్పుడు ఒకరిద్దరితో పరాచికమాడింది.

ఆఫీసులో కంప్యూటర్లు రెండు. తాహేరా ముందున్నది పాతది, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. దాంట్లో ఏ కాగితం దాచినా, దానికి పెట్టే పేరు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు. ఎనిమిదేళ్లుగా రోజుకూలీ లెక్కన పని చేస్తున్న తాహేరా, కంప్యూటర్ వచ్చిన కాడి నుంచి ఆ ఎనిమిది అక్షరాల్లోనే సంసారం నెట్టుకొచ్చింది. తూము నంబరు, రైతు నంబరు కలిపి ఒక గుర్తు పెట్టేది. ఏ గుర్తు ఎవరిదో నోటుబుక్కులో రాసుకునేది. నోటుబుక్కు అట్ట ఊడిపోయి, దారంతో కుట్టుకుంది కూడా.

రెండోది కొత్తది, ఇంజనీరు రామచంద్రం సారు గదిలో ఫ్యాను కింద ఉంటుంది. నిరుడు వచ్చింది. రంగుల తెర. దాంట్లో పేరు ఎంత పొడుగైనా పెట్టొచ్చు. సారు ఒక రోజు తాహేరా నోటుబుక్కు తిరగేసి, "ఏందమ్మా గిది, రైతులా, జైల్ల ఖైదీలా? కొత్త మిషను తెచ్చింది ఎందుకు? పేర్లు పెట్టు, పేర్లు," అన్నాడు. ఆమెకూ మనసైంది. ఈసారి వంతు చీటీలన్నీ కొత్తదాంట్లో కొట్టింది. మనిషికొక కాగితం, దానికి నిండు పేరు: సైదమ్మ, కృష్ణయ్య భార్య, పదిహేనో తూము. సారు మిషనులో దాచొద్దన్నాడని చివరి తూములవి ఒక ఫ్లాపీలో, మొదటి తూములవి ఇంకో ఫ్లాపీలో దాచింది. నాలుగు దినాల పని. మనిషిని మొకం చూసి పేరు పెట్టి పిలిచినట్టు ఉండేది ఆమెకు.

కాని తెలుగులో అచ్చయ్యే ప్రింటరు పాతదానికే ఉన్నది. ఫ్లాపీలు తెచ్చి పాతదాంట్లోకి ఎక్కించక తప్పలేదు.

ఇప్పుడు చివరి తూముల ఫ్లాపీ పట్టుకుని తాహేరా సారు గదిలోకి పోయింది. సారు ఇంకా రాలేదు. కొత్త మిషనులో పెట్టి చూస్తే సైదమ్మ ఉన్నది, మొగుడితో సహా, తూముతో సహా. అదే ఫ్లాపీ తెచ్చి పాతదాంట్లో పెట్టింది. పాతదానికి అంత పొడుగు పేరు కనపడదు. మొదటి ఆరు ఇంగ్లీషు అక్షరాలు, ఒక వంకర గీత, ఒక అంకె. అంతే కనపడుతుంది. సైదమ్మ ఒకటి, రెండు, మూడు. సైదులు ఒకటి నుంచి ఎనిమిది దాకా. ఆ ఫ్లాపీ తీసి మొదటి తూములది పెట్టింది. సైదమ్మ ఒకటి, రెండు, మూడు, నాలుగు. సైదులు మళ్లీ ఒకటి నుంచే, ఆరు దాకా.

తాహేరా రెండు ఫ్లాపీల అంకెలనూ నోటుబుక్కులో పక్కపక్కన రాసుకున్నది.

ఏ ఫ్లాపీకి ఆ ఫ్లాపీలో అంకె ఒకటి నుంచి మొదలవుతుంది. పోయిన గురువారం ఆమె ముందు చివరి తూముల ఫ్లాపీ ఎక్కించింది, వంతు వాళ్లదే ముందు గనక. దాని తర్వాత మొదటి తూములది ఎక్కించింది. ఉన్న పేరుతోనే ఇంకోటి వస్తే ఈ పాత మిషను ఏమీ అడగదు. ఉన్నదాన్ని తుడిచేసి, వచ్చినదాన్ని ఆ జాగాలో కూర్చోబెడుతుంది. మొదటిసారి ముప్పై ఒకటి ఎక్కినయన్నది, రెండోసారి ముప్పై ఎనిమిది ఎక్కినయన్నది. రెండూ అబద్ధం కాదు. లోపల మిగిలింది మాత్రం అరవై. చివరి తూముల సైదులు ఆరుగురు, సైదమ్మలు ముగ్గురు అందులో లేరు.

"దొరికిందా?" అన్నది సైదమ్మ.

"దొరికింది. తప్పు నాదే. మొదటి తూముల సైదమ్మ ఒకామె నీ మీద కూసున్నది. నువ్వు కింద పడ్డవు."

"కొత్త ముచ్చట ఏమన్న ఉంటె సెప్పు," అన్నది సైదమ్మ. "తప్పు ఎవలదైతేంది. నీళ్ల సంగతి సెప్పు."

రామచంద్రం సారు పదకొండున్నరకు వచ్చాడు. చేతిలో టిఫిను డబ్బా, చంకలో ఫైళ్లు, నల్లగొండ మీటింగుకు పోయే తొందర. తాహేరా చెప్పిందంతా నిలబడే విన్నాడు.

"లిస్టు డివిజను ఆఫీసుకు పోయింది గద?"

"పోయింది సార్."

"నా సంతకంతోటి."

"అవును సార్."

"ఇప్పుడు తొమ్మిది మంది తప్పిపోయిండ్రని రాస్తే, చూడకుండ సంతకం ఎట్ల పెట్టినవని నన్నడుగుతరు. నిన్నెవరు అడగరు. రోజుకూలీ మనిషిని అడిగేదేముంటది? రేపటి నుంచి రావద్దంటరు, అయిపోతది."

"చివరోళ్ల వంతు ఆరింటి దాక ఉన్నది సార్. తొమ్మిది చీటీల మీద మీరు సంతకం పెడితే..."

"వచ్చే వంతుకు సూద్దాం."

"వచ్చే వంతుకు ఆడ వరి ఉండదు సార్."

సారు గడప కాడ గోడకానుకుని కూర్చున్న సైదమ్మ వైపు చూశాడు. ఆమె కూడా ఆయన్నే చూస్తున్నది. ఆయన గొంతు తగ్గింది.

"సూడు తాహేరా. నాకు ఇంక రెండేండ్ల సర్వీసున్నది. నేను పెట్టను. నువ్వేం చేస్తవో నాకు తెల్వదు. నాకు చెప్పకు గూడ."

అని జీపెక్కాడు. ఆయన చెడ్డోడు కాదు. ఇరవై ఆరేళ్లలో ఎన్ని కాలువల మీద ఎన్ని తిట్లు తిన్నాడో, ఒంట్లో సత్తువ ఎంత మిగిలిందో అంతే ఖర్చు పెడుతున్నాడు.

తాహేరా తొమ్మిది కాగితాలనూ పాత పద్ధతిలో తూము నంబరు, రైతు నంబరు గుర్తులు పెట్టి మళ్లీ ఎక్కించింది. ప్రింటరు కీచుకీచుమంటూ ఒక్కొక్క చీటీ బయటికి తోసింది. ఇంజనీరు సంతకం ఉండాల్సిన చోట పెన్నుతో రాసింది: 'టైపు పొరపాటు వల్ల ఈ చీటీ ముందు రాలేదు. తాహేరా బేగం.' తొమ్మిదింటి మీదా అదే రాసింది.  పర్మినెంటు చేస్తారని ఎనిమిదేళ్ల నుంచి కాసుకుని ఉన్న కొలువు. ఆ కాగితం ఒక్కటి ఎవరైనా డివిజనుకు పట్టుకుపోతే చాలు.

"నేనొక్కదాన్నే గద," అన్నది సైదమ్మ లేచి వచ్చి. "గన్ని ఎందుకు?"

"నీ తోటి తొమ్మిది మందివి పోయినయి."

 తాహేరా చీటీలు సంచిలో పెడుతుంటే సైదమ్మ సంచివైపే చూసింది.

ఈ సంతకం చూసి లష్కరు ఒప్పుకోడు, మనిషి పోతే తప్ప. తాహేరా గది తాళం వేసి ఆమెతో ఒంటిగంట బస్సెక్కింది.

బస్సు కాలువ గట్టు పక్కనే పోతుంది. మొదటి తూముల కింద వంతు ఇంకా మొదలు కానే లేదు. అయినా మళ్లల్లో నీళ్లు మెరుస్తున్నయి. గట్టు కింద ఎలుక బొరియలు పెద్దవైనయి, పెద్దవి చేసినోళ్లు ఎవరో అందరికీ ఎరుకే. వీళ్ల చీటీలే పోయి ఉంటే ఒక్కరూ ఆఫీసు దాకా వచ్చేవాళ్లు కారు. పోయిన సంగతే తెలిసేది కాదు.

కిటికీ పక్కన కూర్చున్న సైదమ్మ అవన్నీ చూసి చూసి, మెల్లగా మొదలుపెట్టింది.

"అమ్మా, ఒక మాట అంట. కోపం జెయ్యకు."

"అను."

"మనం పోయేసరికి మూడైతది. మూడు గంటలే ఉంటయి. నా మూడు మళ్లకు సరిగ్గ సరిపోతది. తొమ్మిది మందికి పంచితె ఎవలి నాలిక తడవది."

తాహేరా ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నది. గుంటలకు బస్సు ఎగిరినప్పుడల్లా మెడ నుంచి భుజం దాకా గుంజుతున్నది.

"నేను తిరిగిన. పొద్దున గంజి గూడ తాగలే. గా మిగిలినోళ్లు ఒక్కలన్న కదిలిండ్రా? చీటీ రాలేదంటె రాలేదని కూసున్నరు. గా ఎనిమిది సంచిలనే ఉండనియ్యి. రేపు ఇయ్యి. నేను ఎవలకు జెప్ప."

"రేపు ఇస్తే ఏం లాభం సైదమ్మా?"

"లాభం లేదు. నాకు ఉన్నది."

 తాహేరా మిగిలిన ఎనిమిది పేర్లు మనసులోనే చదువుకున్నది. ఇద్దరికి బోర్లున్నయి, వాళ్లకు కాలువతో పని లేదు. ఇద్దరు ఈసారి నాట్లే వెయ్యకుండా పట్నం పోయారు, నిన్న మొన్న ఆఫీసుకు వచ్చినోళ్లు చెప్పారు. మిగిలింది నలుగురు. నలుగురూ పదిహేనో తూమే.

"సరే తియ్యి," అన్నది చివరికి. సరే అన్నది దేనికో ఆమెకే తెలియదు. సైదమ్మ మాత్రం సరేనన్నదనే అనుకున్నది. కొంగు ముడి విప్పి రెండు రేగుపండ్లు తీసి ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

తూము కాడికి చేరేసరికి మూడుకు ఐదు నిమిషాలు తక్కువ. షట్టరు దిగి ఉన్నది. పీర్ మహమ్మద్ షట్టరు ఎత్తే చక్రం నీడన, తలగుడ్డ మోకాళ్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. అరవైకి దగ్గరైన మనిషి, ఎండకు ఎండి కట్టెలా అయ్యాడు. ఆయనకు కొంచెం ఎడంగా, తూము నుంచి పొలాలకు పోయే బోదె ఒడ్డున ముసలి సైదులు కూర్చున్నాడు. కళ్లల్లో పొర వచ్చి, మనిషిని గొంతు బట్టే గుర్తుపడతాడు. ఆయన పొలం సైదమ్మ పొలానికి కింద, కాలువకు ఆఖరు.

"అరె బేటీ, గింత ఎండల నువ్వేంది గీడ?" పీర్ మహమ్మద్ లేచాడు. "నీకు గూడ పొలం ఇచ్చిండ్రా ఏంది సర్కారోళ్లు?"

"పొలం కాదు చాచా, తిట్లు ఇచ్చిండ్రు. గిది సూడు." తాహేరా సైదమ్మ చీటీ తీసి ఇచ్చింది. "షట్టరు ఎప్పుడు దించినవు?"

"పన్నెండింటికి. చీటీలు అయిపోయినయి గద. ఆరింటి దాక అని ఆర్డరుల ఉన్నది గని, చీటీ లేంది ఎవనికియ్యాలె?" చీటీ దూరం పట్టుకుని చదివాడు. "గీ దస్తఖతు సారుది కాదే."

"నాది."

"నీ దస్తఖతుకు నీళ్లొస్తయా?"

"వస్తయో రావో నీ చేతుల ఉన్నది చాచా. నా కొలువు మాత్రం వచ్చినా పోతది, రాకపోయినా పోతది."

పీర్ మహమ్మద్ చీటీని, ఆమె మొహాన్ని మార్చి మార్చి చూశాడు. "నాకు ఒక కాగితం ఉంటె చాలు," అన్నాడు. "రేపు పైనోళ్లు వచ్చి మా నీళ్లు ఎవనికిచ్చినవ్ రా అంటె, మొకం మీద కొట్టనీకి. ఆరింటి దాక మీదే. పా."

చక్రం తిప్పడానికి రెండు చేతులూ వేశాడు. తుప్పు గరగరమన్నది. కింద నుంచి నీళ్లు నురుగు తోసుకుంటూ బోదెలోకి దిగినయి. సైదమ్మ అప్పటికే పొద్దున గట్టు కాడ దాచిపోయిన పార భుజాన వేసుకుని పొలంవైపు నాలుగడుగులు వేసింది.

"ఎవలు వచ్చింది?" ముసలి సైదులు చెయ్యి నేలకు ఆనించి లేవబోయాడు. "ఆఫీసు అమ్మనా? బిడ్డా, సైదమ్మది వచ్చిందంటె, నాది గిట్ల వచ్చిందేమో జర సూడవా? పొద్దటి సంది కూసున్న. పో అనేటోడు లేడు, రా అనేటోడు లేడు."

సైదమ్మ ఆగింది. వెనక్కి తిరగలేదు గాని ఆగింది.

తాహేరా చెయ్యి సంచి మీదనే ఉన్నది.  లేదు పెద్దయ్యా అంటే సరిపోతుంది. ఆ కళ్లకు సంచి కూడా కనపడదు. గురువారం నాడు ఆయన పేరు ఆమె వేళ్ల కిందనే తుడుచుకుపోయింది. అప్పుడు తెలియక జరిగింది.

"వచ్చింది పెద్దయ్యా," అన్నది. చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇంకో ముగ్గురివి గూడ ఉన్నయి. పిలిపించు చాచా."

"ఇయ్యి!" సైదమ్మ తిరిగింది. "ఇయ్యి, అందరికియ్యి. ఊర్లె డప్పు గూడ కొట్టియ్యి. తిరిగేది నేను, తాగేది ఊరు. బస్సుల సరే అన్నవు గద?"

"అన్న."

"మరి?"

తాహేరా మిగిలిన మూడు చీటీలు బయటికి తీసింది.  సైదమ్మ పార ఒక భుజం మీది నుంచి ఇంకో భుజానికి మార్చుకుని పోయింది.

పీర్ మహమ్మద్ గట్టెక్కి కేకలేస్తే మిగిలిన ముగ్గురూ ఒకరి వెనక ఒకరు ఉరికొచ్చారు. చీటీలు అందుకున్నారు. ఒకడు చీటీ కళ్లకద్దుకున్నాడు. ఇంకొకడు, "ముందే ఇస్తే ఏమైతుండె?" అన్నాడు. ఎవరికి ముందు అన్న దగ్గర లొల్లి మొదలైంది. ముసలాయన కర్ర నేలకు కొట్టాడు.

"సైదమ్మకు ముందు. ఆఫీసు దాక పోయి తెచ్చింది గామె. సిగ్గుండాలె."

పీర్ మహమ్మద్ చేతిగడియారం చూసుకుని, నీళ్లు బోదె దాటడానికి పోయే సమయం తీసేసి, మనిషికి అరగంట అన్నాడు. అంతకు మించి ఎవరి అబ్బ వచ్చినా లేదన్నాడు.

సైదమ్మ పొలంలో మూడు మళ్లు ఒకదాని కింద ఒకటి ఉన్నయి. మీది మడి పల్చన, ఎరువు సరిగ్గా పడలేదు. కింది మడి అన్నిట్లోకీ బాగున్నది, కర్రలు చిటికెనవేలు లావున్నయి. కాని అక్కడికి పోవాలంటే నీళ్లు రెండు మళ్ల నెర్రెలు తాగుకుంటూ పోవాలి. పక్క నుంచి పిల్లకాలువ ఉన్నది గాని అది నడిమి మడి దాకానే. సైదమ్మ గెట్టు మీద నిలబడి మూడింటినీ ఒకసారి చూసింది. ఎక్కువసేపు చూడలేదు. వంగి, నడిమి మడికి గండి కొట్టింది.

తాహేరా గెట్టు మీద నిలబడి ఉన్నది.

"అట్ల బొమ్మ లెక్క నిలబడకు," అన్నది సైదమ్మ తల ఎత్తకుండా. "చెప్పులు ఇడిసి దిగు. గా గండి కాడ మట్టి కరుగుతాంది. కాలుతోటి నొక్కి పట్టు."

తాహేరా చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, దిగింది. నీళ్లు చల్లగా పిక్కలకు తగిలినయి. నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే మట్టి గుటకలేస్తున్న చప్పుడు వినపడుతున్నది. పాదం కింద మట్టి జారినప్పుడల్లా నొక్కింది. మెడ నొప్పి, నడుము నొప్పి, ఏది ఎక్కడిదో తెలియడం లేదు.  సైదమ్మ మడి అంతా తిరిగింది, చేతులతో నీళ్లు అటు తోసింది, ఇటు తోసింది. తూర్పు మూలకు ఇంకా అందలేదు. చాప పరిచినంత జాగా పొడిగా ఉన్నది.

కింది గెట్టు మీద ముసలి సైదులు వచ్చి నిలబడ్డాడు. చీటీ చేతిలోనే ఉన్నది. అరగంట అయింది. గట్టు మీద పీర్ మహమ్మద్ గడియారం చూసుకుని లేచి నిలబడ్డాడు.

సైదమ్మ ఆ పొడి మూలను చూసింది. పార తీసుకుని రెండు పెళ్లలు తవ్వి గండిలో వేసింది. కాలుతో తొక్కింది. నీళ్లు వెనక్కి మళ్లి, బోదె వెంబడి ముసలాయన పొలంవైపు పారినయి.

"పో పెద్దయ్యా," అన్నది. "నీ మడి కాడికి పోయి నిలబడు. గండి ఎవలతోనన్న కొట్టించు, నువ్వు కొట్టకు, కాలు మీద ఏసుకుంటవు."

తర్వాత పారకంటిన మట్టి చేత్తో దులుపుకున్నది. తాహేరా గెట్టెక్కి చెప్పులు వెతుక్కుంటూ, అడగకూడదనుకుంటూనే అడిగింది.

"గా రెండు మళ్లు?"

"కోసి బర్రెకు ఏస్త," అన్నది సైదమ్మ. "రేపే మొదలు పెట్టాలె. పచ్చిగ ఉన్నప్పుడే తింటది. ఐదింటికి సడక్ మీదికి బస్సొస్తది. నడువు, చీకటి పడితె నీకు తొవ్వ తెల్వది."